మెత్తన్న చేతి ఉలి

మా ఇంట్లో కోపం నా వాటా, ఓర్పు మా ఆయన వాటా. పెళ్ళయిన కొత్తలోనే అలా పంచేసుకున్నాం. ఆయన వాటాకి నేనెప్పుడూ ఆశపడలేదు, నా వాటా జోలికి ఆయనా రాలేదు. అందుకే కిందటేడు ఒక పూట చొక్కా బొత్తాం పట్టక ఆయన నా మీద గట్టిగా అరిచినప్పుడు నాకు కోపం రాలేదు. భయం వేసింది.

ముందు మా సంగతి చెప్పాలి. మాది ముందు కొట్టు, వెనక ఇల్లు, పెరట్లో ఒక రేకుల గది. ముందున్న కొట్టు మా ఆయన సెలూన్. రెండు కుర్చీలు, గోడంత అద్దం, మూల తువ్వాళ్ళ గంప. ఆయన గడ్డం గీస్తుంటే చెంప మీద కత్తి ఉందో లేదో తెలియదని వీధంతా ఆయన్ని మెత్తన్న అంటారు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే గుర్రు పెట్టేవారు. వాళ్ళని లేపడానికి మనసొప్పక ఆయన రెండో కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టుకునేవారు. నేను గోడకి ఇవతల కుట్టుమిషన్ పెట్టుకుని ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, లావెక్కినవాళ్ళ బట్టలు వదులు చేస్తాను. అటు కత్తెర చప్పుడు, ఇటు మిషన్ చప్పుడు. ఒకటి ఆగితే రెండోవాళ్ళం తల తిప్పి చూసేవాళ్ళం.

పక్క కొట్టు బేకరీ. ఆ బేకరీ అన్నయ్యగారు పొద్దున్నే పొయ్యి పని ముగించుకుని, కనుబొమల మీద పిండితోనే వచ్చి కుర్చీలో వాలిపోయేవారు. మా పెళ్ళికి ముందునుంచీ ఆయన గడ్డం మా ఆయన చేతిలోదే. అలాంటిది ఒకరోజు ఆయన చెవి తమ్మె తెగింది. పెద్ద గాటేం కాదు, దూది అద్దితే రక్తం ఆగిపోయింది. "పోనీలేవోయ్, ఈ చెవితో వినేవి మా ఆవిడ తిట్లే కదా" అని అన్నయ్యగారు నవ్వేశారు. మా ఆయన నవ్వలేదు. కత్తి కడిగి, తుడిచి, మడిచారు. మిగతా కత్తులతో కలిపి తువ్వాల్లో చుట్టి బీరువా మీద పెట్టేశారు. మర్నాడు కొట్టు తలుపుకి 'కొన్నాళ్ళు సెలవు' అని అట్ట వేలాడింది.

అప్పటినుంచి కుడి చెయ్యి జేబులోనే. అన్నం ఎడమ చేత్తో, చెంచాతో. తన గడ్డం తాను గీసుకోవడం కూడా మానేశారు. ఊరందరికీ నున్నగా గీసిన మనిషి అద్దం ముందుకే వెళ్ళడం లేదు. నేను అడిగితే ఒక్క మాట అన్నారు.

"అన్నయ్యకి కూడా ఇలాగే మొదలైంది."

ఆయన అన్నది తన సొంత అన్నయ్య గురించి. మా బావగారు గడియారాలు బాగుచేసేవారు. వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో పట్టుకునే చేతులు ఆయనవి. ఆ చేతులకి వణుకు జబ్బు పట్టుకుంది. ముందు పట్టకారు జారింది, తర్వాత కలం, తర్వాత చెంచా. చివరి రోజుల్లో ఆయనకి అన్నం తినిపించిందీ, ఊగిపోతున్న మొహానికి ఒక్క గాటు పడకుండా గడ్డం గీసిందీ మా ఆయనే. గీసి వచ్చి పెరట్లో కూర్చుని ఏడ్చేవారు. అదంతా నేను కళ్ళారా చూసినదాన్ని.

"డాక్టరుకి చూపించుకుందాం, పదండి" అన్నాను.

"వెళ్ళి ఏం చేస్తామే? ఆ పేరే చెప్తారు. చెప్పాక ఆ పేరు మనతోపాటు ఇంటికొచ్చి కూర్చుంటుంది. చెప్పించుకోకపోతే కనీసం గుమ్మం బయటే ఉంటుంది."

బతిమాలాను, తిట్టాను, రెండు పూటలు మాట్లాడకుండా కూడా చూశాను. నేను మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి తెలుసు. ఆయన చలించలేదు. మనిషి మాత్రం రోజురోజుకీ తగ్గిపోతున్నారు. ఆయన చొక్కాలకి నేనే పక్క కుట్లు లోపలికి వేశాను, వేసినవే మళ్ళీ వేశాను. చల్లటి పూట కూడా చెమట్లు, ఫ్యాన్ కింద నుంచి కదలరు. అవన్నీ బెంగ వల్లేననుకుని ఊరుకున్నాను.

మా అల్లుడు బస్సు డిపోలో మెకానిక్. మంచివాడే, కానీ ముందు చేసి తర్వాత ఆలోచించే రకం. ఎక్కడో ఒక బడిలో పిల్లలకి వడ్రంగం నేర్పే గది మూసేస్తున్నారట. అక్కడ మూలపడ్డ లేత్ మిషన్ని వ్యానులో వేసుకుని ఒక ఆదివారం మా పెరట్లో దింపాడు. కర్రముక్కని అడ్డంగా రెండు కొనల మధ్య బిగిస్తే గిరగిరా తిప్పే మిషన్ అది. తిరుగుతున్న కర్రకి ఉలి ఆనిస్తే గుండ్రంగా చెక్కుకుపోతుంది. బల్లల కాళ్ళు, పిడులు, బొంగరాలు అలాగే చేస్తారు.

"నాన్న చేతులు ఖాళీగా ఉండకూడదమ్మా, మనసంతా ఎటో పోతోంది" అని మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. ఇది మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి చేసిన పనన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చెయ్యి వణుకుతోందని కత్తి దింపేసిన మనిషికి, తిరిగే మిషనూ, సంచీడు ఉలులూ తెచ్చిస్తావా? నువ్వు అల్లుడివా, యముడివా?" అని గుమ్మంలోనే నిలదీశాను.

"అత్తయ్యా, మిషన్ తిరుగుతుంది, చెయ్యి తిరగదు. మామయ్య ఊరికే ఉలి ఆనిస్తే చాలు" అన్నాడు మెల్లిగా. వాడికి అప్పటికి లేత్ గురించి తెలిసింది అంతే.

వాడు దాన్ని రేకుల గదిలో ఒక పాత బల్ల మీదకెక్కించి, నేను మళ్ళీ నోరు తెరిచేలోపు వెళ్ళిపోయాడు. వారం దాకా మా ఆయన అటు చూడలేదు. ఒక మధ్యాహ్నం పెరట్లోంచి సర్ సర్ మని చప్పుడు. వెళ్ళి చూస్తే సానరాయి ముందేసుకుని ఉలులు నూరుతున్నారు. తుప్పు పట్టిన మొద్దు ఉలులు ఇంట్లో ఉంటే ఆయనకి నిద్ర పట్టలేదట. నాకు నవ్వూ వచ్చింది, కాస్త ధైర్యమూ వచ్చింది. మనిషి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది కదా!

మొదటి బోల్తా అక్కడే పడింది. ఆయనకి తెలిసిన పదును గడ్డం కత్తి పదును. ఆ ఉలిని కూడా అలాగే పల్చగా నూరి, తోలుపట్టీ మీద అటూ ఇటూ రాసి, ముంజేతి వెంట్రుకలు గీసి చూసుకుని "ఆహా" అనుకున్నారు. కర్ర బిగించి, మిషన్ తిప్పి, ఉలి ఆనించారో లేదో, టక్కుమని అంచు విరిగి రేకుకి కొట్టుకుంది. నా పై ప్రాణం పైనే పోయింది.

అల్లుడు వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మామయ్యా, ఇది చెక్క. చెంప కాదు. దీనికి అంచు కాస్త మందంగా ఉండాలి."

అప్పుడు ఫోన్లో ఎవరిదో వీడియో పెట్టిచ్చాడు. ఏ దేశం మనిషో, ఏం భాషో ఒక్క ముక్క అర్థం కాదు. బొడ్డు దాకా గడ్డం ఉన్న పెద్దమనిషి, కబుర్లు చెప్పుకుంటూ చక్కగా గిన్నెలూ పిడులూ తిప్పేస్తుంటాడు. మేమిద్దరం ఆయనకి గడ్డపాయన అని పేరు పెట్టుకున్నాం. మా ఆయన మొదటి రోజంతా చూసి, చివరికి చెప్పిందేమిటంటే, "ఎడమవైపు ఒత్తుగా ఉందే, ఎవడో సరిగ్గా కత్తిరించలేదు." చెక్క సంగతి అడిగితే ఇంకోసారి చూడాలన్నారు.

ఆ గడ్డపాయన పనికి ముందు మొహానికి పారదర్శకంగా ఉండే ముసుగు పెట్టుకుని, గడ్డాన్ని చొక్కా లోపలికి దోపుకుంటాడు. తిరిగే మిషన్ దగ్గర ఏదీ వేలాడకూడదు మరి. నేను మణికట్టు దగ్గర బిగుతుగా, జేబుల్లేకుండా ఒక కోటు కుట్టి, అల్లుడి చేత అలాంటి ముసుగే తెప్పించి, "గడ్డాలు పెంచిన పెద్దమనుషులు అవి కూడా దోపుకోవాలి" అని చెప్పాను. చెప్పినట్టే దోపుకుని పనిలోకి దిగారు. అద్దంలో చూసుకుంటే ఎలా ఉన్నారో తెలిసేది, కానీ చూసుకోరుగా.

కర్రకి కొదవ లేదు. బేకరీ అన్నయ్యగారు గోడమీద నుంచి పొయ్యి కట్టెల్లో నున్నటివి ఏరి మరీ ఇటు విసిరేవారు. "కాలిపోయేవే కదోయ్, నీ దగ్గర తిరిగి తిరిగి బాగుపడనీ" అనేవారు. బాగా ఎండినవి, పగుళ్ళు లేనివి. మా ఆయన మొదట చేయాలనుకున్నది గడ్డం బ్రష్షుకి పిడి. పాత బ్రష్షు ప్లాస్టిక్ పిడి పగిలింది, కుచ్చు బాగుంది. అంత చిన్నది, ఎంతసేపు పడుతుందిలే అనుకున్నారు.

కర్ర గుండ్రమైతే అయ్యేది, నునుపు మాత్రం వచ్చేది కాదు. పొడుగునా పాము చుట్టుకున్నట్టు గీతలు, మిట్టలు, గుంటలు. ఒక్కోసారి ఉలి కర్రలో పట్టుకుని దడేల్మని ఎగిరేది, పిడి సగానికి విరిగేది. ప్రతి ముక్కనీ తెచ్చి నా కుట్టుమిషన్ మీద పెట్టేవారు.

"చూశావా? ఇదీ నా చెయ్యి."

"చెయ్యేమిటండీ, కట్టె ముక్క."

"కాదే. గీత గీతకీ వణుకు కనబడుతోంది. వేలితో తడిమి చూడు."

తడిమితే నిజంగానే గరగరలాడేది.  ఆ ముక్కలన్నీ బల్ల కింద పోగుపడ్డాయి. అల్లుడిని ఇంకో నాలుగు తిట్టుకున్నాను. లేని జబ్బుకి సాక్ష్యాలు తయారు చేసే మిషన్ని తెచ్చి పెట్టాడు కదా అనుకున్నాను. లేనిదని నాకూ నమ్మకం లేదు, అది వేరే మాట.

చివరికి ఒకరోజు భోజనం దగ్గర చెయ్యి కడుక్కుంటూ చాలా మామూలుగా అన్నారు. "అల్లుడిని వచ్చి మిషన్ తీసుకుపొమ్మను. కళ్ళజోళ్ళాయన కొట్టు అద్దెకి అడుగుతున్నాడు. సాయంత్రం చూడ్డానికి రమ్మన్నాను."

"ఏ కొట్టు?"

"మన కొట్టే. కుర్చీలు ఎవరికైనా ఇచ్చేద్దాం. ఇంక ఆ గొడవ ఎందుకు?"

అని పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను ఎంగిలి కంచం ముందు అలాగే ఉండిపోయాను. నన్ను అడగలేదని కాదు నా బాధ. ఆ కొట్టు ఇచ్చేస్తే ఈ మనిషి మిగలడు. గోడకి అవతల ఆ చప్పుడు లేకపోతే నేనూ మిగలను. అది తలుచుకునేసరికి ఎక్కడలేని కోపం తన్నుకొచ్చింది. రేకుల గదిలో మిషన్ మోగుతోంది. ఆయన ఎప్పుడూ దాహమంటారు కదా అని నిండుగా గ్లాసుడు నీళ్ళు తీసుకుని, ఇవాళ ఇద్దరిలో ఎవరో ఒకరే మాట్లాడాలి, అది నేనే అనుకుంటూ బయల్దేరాను.

ఆయన చివరిసారి ఇంకో కర్ర ఎక్కించి తిప్పారు. అదీ గరగరగానే వచ్చినట్టుంది. ఉలి పక్కన పడేసి, మిషన్ ఆపడం కూడా మానేసి, దూరంగా గోడకి ఆనుకుని ఉన్నారు. నేను గ్లాసుని బల్ల మీద ఠక్కున పెట్టి మొదలుపెట్టాను.

"నన్నొక మాట అడగక్కర్లేదా? ఇరవై ఊళ్ళు తిరిగి వెతికినా దొరకని చెయ్యి మీదని అందరూ అంటుంటే, మీరేమో కట్టె ముక్కని సాక్ష్యం పెట్టి ఆ చేతికి శిక్ష వేసేస్తారా? అసలు డాక్టరనేవాడు ఒకడున్నాడు కదా, ఆయన నోరు ఎందుకు..."

అక్కడ ఆగిపోయాను. తిట్టు మధ్యలో నేను ఆగడం మా కాపురంలో అదే మొదటిసారి. ఆయన కూడా కంగారుపడి తలెత్తారు.

గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. సన్నటి వలయాలు ఒకదాని వెనక ఒకటి. గ్లాసు మెల్లిమెల్లిగా బల్ల అంచు వైపు నడుస్తోంది.

"ఏమండీ, మీ చేతులెక్కడున్నాయి?"

"చేతులేమిటే?"

"ఎక్కడున్నాయో చెప్పండి."

"ప్యాంటు జేబుల్లో."

"రెండూనా?"

"రెండూనూ."

"మరి ఈ నీళ్ళని వణికిస్తున్నది ఎవరు, మా నాన్నా?"

ఆయన దగ్గరికొచ్చి చూశారు. గ్లాసు ఇంకో వేలెడు జరిగింది. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపి కింద కూర్చుని చూశాను. ఒకప్పుడు మేం బట్టలుతుక్కునే గది అది, నీళ్ళు పోవడానికి నేల వాలుగా ఉంటుంది. బల్ల వెనక కాలు ఒకటి గాల్లో ఉంది. మిషన్ తిరిగినప్పుడల్లా ఆ కాలు నేలని టకటకా కొడుతోంది. మిషన్ మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు.

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. "కుట్టు వంకరపోతే నేను నా చెయ్యి చూసుకుంటానా? ముందు మిషన్ కాళ్ళు చూస్తాను. అది ఊగుతుంటే ఎంత తిన్నగా గుడ్డ పట్టుకున్నా కుట్టు వంకరే. ఆ మాత్రం తెలియదా?"

తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆయన పనిలో ఉండేవి ఒక కత్తి, ఒక చెంప, ఒక చెయ్యి. కుర్చీ కదలదు, కూర్చున్నవాడు నిద్రపోతుంటాడు. ఏది అటూ ఇటూ అయినా తప్పు చేతిదే. ఆ అలవాటుతో ఈ మిషన్ ఊగుడు కూడా తన ఖాతాలోనే వేసుకున్నారు పిచ్చిమనిషి.

అట్టముక్క మడిచి కాలి కింద దోపాను. చాలక ఇంకో మడత వేశాను. బల్ల కింది అడ్డపలక మీద ఇటుకలు పేర్చాం, ఇద్దరం కలిసి. నీళ్ళ గ్లాసు మళ్ళీ పెట్టి మిషన్ తిప్పాం. నీళ్ళు నిలిచాయి. నిలిచాయంటే మరీ అద్దంలా కాదు, కానీ గ్లాసు ఉన్నచోటే ఉంది. ఆయన అదే కర్ర మీద ఉలి ఆనించారు. పొడి రాలడం పోయి, సన్నటి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచింది.

ఉలి ఎగరడం మాత్రం అప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు ఆయన మొహం వేరు. ఫోన్ తీసి గడ్డపాయన్ని పెట్టి, గొంతు తగ్గించి, కళ్ళు చిట్లించుకుని చూశారు. ఉన్నట్టుండి నా భుజం పట్టుకుని ఊపారు.

"ఒసేయ్, చూడవే! వీడు అంచుతో పొడవట్లేదు. ముందు ఉలి వీపు ఆనిస్తున్నాడు. ఆనించి, మెల్లిగా పిడి లేపుతున్నాడు. అప్పుడు అంచు దానంతటదే అందుకుంటోంది. ఇది గడ్డమేనే!"

"అల్లుడు చెక్క అన్నాడుగా?"

"వాడి మొహం. చెక్కయినా చెంపలాగే పట్టుకోవాలి."

చెంప మీద కత్తిని పడుకోబెట్టినట్టే ఉలిని కర్ర మీద పడుకోబెట్టారు. కొద్దిగా లేపారు. రిబ్బన్ లాంటి పొట్టు ఆయన మణికట్టు మీదుగా పారి, కోటు నిండా పడింది. మిషన్ ఆపి, చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపుతో కర్రని నిమిరారు. గీసిన చెంపని ఆయన ఎప్పుడూ అలాగే నిమిరి చూస్తారు. ఎన్నాళ్ళయిందో అలా చూసి! నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పొట్టు పడిందని చెప్పి కొంగుతో తుడుచుకున్నాను.

సాయంత్రం కళ్ళజోళ్ళాయన వచ్చాడు. "ఇప్పుడు కాదు బాబూ, ముందు ఒకచోటికి వెళ్ళిరావాలి" అని మా ఆయనే పంపేశారు. నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ అన్నిటికీ చేతినే అన్నాను. కొంచెం వణుకున్న మాట నిజమేనే. అది ఎందుకో డాక్టరు చేత దాన్నే అడిగిద్దాం పద" అన్నారు.

డాక్టరు మా అమ్మాయి వయసు పిల్ల. ఆయన్ని అటూ ఇటూ నడిపించింది. వేళ్ళు టపటపా తట్టమంది. చేతులు ఒళ్ళో ఊరికే పెట్టుకోమని చాలాసేపు గమనించింది. తర్వాత ముందుకు చాపమని వేళ్ళ మీద ఒక కాగితం పరిచింది. కాగితం సన్నగా అదిరింది. 

"బరువు తగ్గారా?" అని అడిగింది.

"చొక్కాలన్నిటికీ పక్క కుట్లు లోపలికి వేశానమ్మా" అన్నాను నేను. "చెమట్లు. నిద్ర లేదు. నా మీద అరిచారు కూడా."

"అరవడం కొత్తా?"

"మా ఇంట్లో అది నేను చేసే పని."

ఆ పిల్ల నవ్వుతూ ఆయన మెడ తడిమింది. గడ్డం అడ్డమొస్తుంటే పక్కకి జరిపి మరీ చూసింది. రక్తం పరీక్షకి రాసింది. ఫలితం వచ్చేదాకా మేమెలా గడిపామో చెప్పలేను. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాక తనే ముందు చెప్పేసింది. "మీరు భయపడ్డ జబ్బు కాదండీ. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోంది. వణుకు, చెమట, బరువు తగ్గడం, కోపం, అన్నీ దానివే. మాత్రలతో తగ్గుతుంది."

"వాళ్ళన్నయ్యగారి జబ్బు కాదా?"

"కాదండీ."

"వణుకు జబ్బు కాదా?"

"కాదమ్మా. ఆ జబ్బులో చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది. ఈయనది చాపినప్పుడే అదురుతోంది."

"అయితే కాదన్నమాట."

"ఏమే, ఎన్నిసార్లు అడుగుతావు?" అన్నారు ఆయన. ఆ గొంతు పాత గొంతు. 

బయట వరండాలో బెంచీ మీద కూలబడ్డాం. ఆయన జేబులోంచి కుడి చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టారు. అది నాదైనట్టూ, ఇన్నాళ్ళూ ఎక్కడో దాచి తెచ్చిచ్చినట్టూ. "ముందే వచ్చి ఉంటే ఇన్ని నెలల ఏడుపు తప్పేది కదా, మొండిఘటం" అని తిట్టాను. ఆ చెయ్యి పట్టుకుని నలుగురూ చూస్తుండగానే ఏడ్చాను.  సంతోషం పట్టలేక ఏడవడం నాకూ కొత్తే.

తను చెప్పేదాకా కత్తి పట్టుకోవద్దంది డాక్టరు. లేత్ సంగతి అడిగితే కాసేపు ఆలోచించి, చెయ్యి బాగా అదిరే రోజు మిషన్ జోలికి వెళ్ళొద్దని, మిగతా రోజుల్లో జాగ్రత్తగా చేసుకోమని చెప్పింది. అల్లుడు వచ్చి బల్లకి కొత్త కాళ్ళు వేసి నేలకి బోల్టులతో బిగించాడు. నేను యముడన్న మాట వెనక్కి తీసుకున్నాను. వాడు "పర్లేదు అత్తయ్యా" అంటూనే, వచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పి నవ్వుకుంటున్నాడు.

మాత్రలు పనిచేసేకొద్దీ చొక్కాల కుట్లు ఒక్కొక్కటే విప్పుతూ వచ్చాను. అటు పెరట్లో పిడులు తిరుగుతున్నాయి. ఒకటి నడుం మరీ సన్నమై విరిగింది, ఒకటి కుచ్చు కోసం తొలిచిన రంధ్రం పక్కకిపోయి పగిలింది. ఆయనకి చీకూ చింతా లేదు. "ఇది నా తప్పే, నేర్చుకోవాలి" అని నవ్వుతూ బేకరీ పొయ్యిలోకి తిరిగి పంపేవారు. చివరికి ఒకటి కుదిరింది. అడుగున వెడల్పు, మధ్యలో వేళ్ళు పట్టేంత నొక్కు, పైన గుండ్రటి మెడ. నూనె పట్టించి, పాత కుచ్చుని అందులో అతికించి, ఎండలో పెట్టి కాపలా కూర్చున్నారు.

ఇంక కత్తి పట్టుకోవచ్చని డాక్టరు చెప్పిన మర్నాడు పొద్దున్నే ముందు తన గడ్డం గీసుకున్నారు. తలుపు సందులోంచి చూశాను. నా మొగుడు మళ్ళీ నాకు కనిపించాడు. తర్వాత కొట్టు తెరిచి అట్ట తీసేశారు.

బేకరీ అన్నయ్యగారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. ఇన్నాళ్ళూ వేరే కొట్టుకి వెళ్ళకుండా సొంతంగా గీసుకున్నారేమో, మొహం చూస్తే భయం వేసింది. ఎటు చూసినా గాట్లే.

"నువ్వు ఒక్కటి కోశావని సన్యాసం పుచ్చుకున్నావు" అన్నారు కుర్చీలో వాలుతూ. "నేను రోజూ ఇన్నేసి కోసుకుంటూ రొట్టెలు కాలుస్తున్నా. ఏం చెల్లెమ్మా, చెవులు రెండూ నీకు అప్పజెప్పనా?"

"మీ చెవులు నాకెందుకు అన్నయ్యగారూ, మీ ఆవిడకి కావాలిగా" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. కానీ గోడ దాటి నా కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళలేకపోయాను. మంచినీళ్ళు తెచ్చానని వంక పెట్టి, నిండు గ్లాసు అద్దం కింద బల్ల మీద పెట్టి అక్కడే నిలబడ్డాను.

ఆయన కొత్త పిడి పట్టుకుని నురగ తిప్పారు. చెంప మీద నురగ పరిచారు. కత్తి విప్పి, వీపు ఆనించి, కొద్దిగా లేపారు. ఆ చప్పుడు ఎన్నాళ్ళకి విన్నాను! సన్నగా, తిన్నగా, మధ్యలో ఎక్కడా తడబడకుండా చెవి దాకా వెళ్ళింది. అక్కడ నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చెవి వెనక శుభ్రంగా ఉంది, అన్నయ్యగారు గుర్రు పెడుతున్నారు.

ఆయన వేళ్ళ వెనకవైపుతో ఆ చెంపని నిమిరి, నా వైపు చూడకుండానే అన్నారు.

"ఆ గ్లాసు తీసుకుపోవే, బ్రష్షుకి అడ్డమొస్తోంది."

గ్లాసు ఎత్తాను. నీళ్ళు ఒలికి నా చీరంతా తడిసింది. రెండు చేతులా పట్టుకున్నా ఆగలేదు. వణుకుతున్నది నా చెయ్యి.

ఆయన అద్దంలోంచి చూశారు. "ఏమైందే?"

"మీ పని మీరు చూసుకోండి" అన్నాను.